మొహం తెలిసినవాళ్లు

బస్సు మలుపు తిరిగేటప్పుడు కండక్టరమ్మ దేన్నీ పట్టుకోదు. ఎడమ తుంటిని సీటు కడ్డీకి ఆనించి, రెండు చేతులా టికెట్ మెషీన్ నొక్కుతూ నిలబడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల రాపిడికి అక్కడ చర్మం మొద్దుబారి, అరచేతి వెడల్పున మచ్చ పడింది. సర్వీసు పుస్తకంలో మాత్రం ఒక్క మచ్చ లేదు. ఇంకో నాలుగు నెలలు ఇలాగే గడిస్తే రిటైర్మెంటు.

ఆ ఉదయం రెండో ట్రిప్పులో ఆమె చూపు వెనక సీటు మీద ఆగింది. బూడిదరంగు చొక్కా మనిషి. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం. స్టాపు వచ్చినప్పుడల్లా తలెత్తి తలుపు వైపు చూస్తాడు, ఏదో గీస్తాడు. చివరి స్టాపుకి టికెట్ తీసుకున్నాడు. అక్కడి కాలనీలో అతన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆమె డ్రైవరు వెనక్కి వెళ్లి నిలబడింది.

“వెనకాల చూశావా తమ్ముడూ?”

“అద్దంలో చూస్తూనే ఉన్నానక్కా. ఆ బూట్లకి పాలిష్ చూడు. టికెట్లు తనిఖీ చేసే స్క్వాడే.”

డిపోకి వచ్చే డబ్బు తగ్గించారు. రూట్లు కోస్తారని కొందరు, ముందు మనుషుల్ని కోస్తారని కొందరు. పోయిన వారమే ఇద్దరు కండక్టర్లని సస్పెండ్ చేశారు, పాసులున్నవాళ్లకి సున్నా టికెట్లు కొట్టలేదని.

ఆ తప్పు ఆమె కూడా చేస్తోంది. పాసున్న మనిషికైనా మెషీన్లో సున్నా టికెట్ తీసి ఇవ్వాలి, అప్పుడే లెక్కలోకి వస్తారు. అయితే చివరి మూడు స్టాపుల్లో ఎక్కేది పెద్దాసుపత్రి ఆయాలు. పది నిమిషాలు ఆలస్యమైతే వాళ్లకి సగం రోజు జీతం కోత. ఒక్కొక్కరికీ కాగితం చింపుతూ ఉంటే బస్సు కదలదు. అందుకే పదకొండేళ్లుగా మొహం చూసి ఎక్కించుకుంటోంది. వాళ్లూ పాసులు ఇంట్లో గోడకి తగిలించి, చేతులూపుకుంటూ వస్తారు.

చివరి స్టాపులో అతను దిగలేదు. “మళ్లీ వెనక్కేనమ్మా. ఆసుపత్రికి ఒకటివ్వండి,” అన్నాడు. ఆమె టికెట్ చింపిచ్చి తలుపు దగ్గరికి నడిచింది.

ఆయాలు కబుర్లాడుకుంటూ ఎక్కబోయారు. కండక్టరమ్మ మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

“పాసులు చూపించండి.”

“ఏంటక్కా కొత్తగా? మొహం చూస్తే తెలీదా?”

“మొహానికిచ్చారా పాసు? కార్డు తియ్యి.”

“పొద్దున అద్దంలో చూసుకున్నానే,” అంది అందరిలోకీ పెద్ద ఆయా. “నేనే.”

అందరూ నవ్వారు. కండక్టరమ్మ నవ్వలేదు. “కార్డు లేకపోతే టికెట్ కొనండి. లేదా దిగండి.”

నెలకి సరిపడా కట్టేసి మళ్లీ కొనాలా అని గొణుక్కుంటూ దిగిపోయారు. పెద్దాయా ఆఖరున దిగింది. “ఎవర్ని చూసి బెదిరిపోతున్నావే తల్లీ?” అంది మెల్లగా.

తర్వాతి రెండు స్టాపుల్లోనూ అంతే. పాతికమంది ఉండాల్సిన చోట నలుగురు కూర్చున్నారు. నలుగురికీ సున్నా టికెట్లు కొట్టింది. వెనక సీటు మనిషి నాలుగు గీతలు గీశాడు.

ఆసుపత్రి దగ్గర అతను అట్ట ఆమె ముందుకి చాపాడు.

“కింద ఒక సంతకం పెట్టండమ్మా.”

“ఏంటిది?”

“జనం లెక్క. ఆ చివర ఎవరూ ఎక్కట్లేదని మీ మెషీన్ చెప్తోంది. బస్సు నిండిపోతోందని కాలనీవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. ఏది నిజమో కళ్లారా చూసి రమ్మన్నారు.”

“మీరు స్క్వాడు కాదా?”

“అయ్యో, నేను మనుషుల్ని లెక్కపెట్టేవాణ్ణి.”

“రేపు కూడా వస్తారా?”

“రేపు వేరే రూటు. దీనికి ఈ ఒక్క ట్రిప్పే.” పెన్ను అందిస్తూ ఆగాడు. “దిగిపోయారే, వాళ్లెవరికీ పాసులు లేవా?”

ఉన్నాయని ఆమెకి తెలుసు. ఉన్నాయంటే, పదకొండేళ్లుగా మెషీన్లో ఎందుకు లేరని అడుగుతాడు. కాగితం గాలికి లేస్తుంటే బొటనవేలితో అదిమి పట్టింది.

“చూపించలేదు,” అంది. సంతకం పెట్టింది.

రెండో నెలలో కొత్త రూటు వచ్చింది. బస్సు ఇప్పుడు చివరి మూడు స్టాపులకీ వెళ్లకుండా పాత మిల్లు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. ఆయాలు మిల్లు దాకా నడిచొచ్చి ఎక్కుతున్నారు. ప్రతి చేతిలో కార్డు, ప్రతి కార్డుకీ సున్నా టికెట్. ఆమెతో ఎవరూ మాట్లాడరు.

“లెక్కలవాడొచ్చిన రోజే కార్డులడిగింది. దీనికి ముందే తెలుసు,” అంది పెద్దాయా పక్కామెతో, వినబడేట్టే.

తెలియదని చెప్పుకోవాలంటే మిగతాదంతా చెప్పుకోవాలి. కండక్టరమ్మ తర్వాతి కార్డు చూసి సున్నా టికెట్ కొట్టింది. మూడు వారాలకి పెద్దాయా రావడం మానేసింది. మోకాళ్లు నడవనివ్వక పని వదిలేసిందని డ్రైవరు చెప్పాడు.

చివరి రోజున డిపోలో అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఉదయం ఆమె మామూలు చీర కట్టుకుని, మిల్లు దాటి, ఆ మూడు స్టాపుల దూరమూ నడిచింది. పెద్దాయా తలుపు తట్టాలనే వెళ్లింది. కాలనీ మొదట్లోనే కాళ్లు ఆగిపోయాయి.

స్టాపు బోర్డు పీకేశారు. పక్కన కరెంటు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఒక ఇనప కుర్చీ ఉంది. ఆసుపత్రిలో పారేస్తే పెద్దాయా మోసుకొచ్చి బస్సు కోసం వేసుకున్నది. దాని సీటు గుంటలో రాత్రి వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.