కడుపు నిండిన ఇల్లాలు

ధనశేఖర్ దోసెలు తిని, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే కంచంలో చెయ్యి కడిగేశాడు. నీళ్ల గ్లాసు పట్టుకున్న లోకేశ్వరి అక్కడే నిలబడిపోయింది. ఆ ఇంట్లో మొగుడు తిన్న కంచంలోనే పెళ్లాం తినాలి. అందుకని అతను ఒక ముక్క మిగిల్చి, చెయ్యి బయట కడుక్కోవాలి. పెళ్లయిన నాటి నుంచీ అదే ఆనవాయితీ.

"అయ్యో, మరిసిపోయినానే," అని నాలుక కరుచుకున్నాడు.

"దానికేముండాది, ఆ తట్టే కడిగి పెట్టుకోమ్మే," అంది అత్త కుప్పమ్మ కంచం చూపిస్తూ. "ఆడదానికి మొగుడి తట్టలో తింటేనే కడుపు నిండేది."

బస్సుకు టైమైంది. లోకేశ్వరి కంచం కడిగి బోర్లించి, తినకుండానే తను తెలుగు పాఠాలు చెప్పే బంగారుపాళ్యం బడికి బయలుదేరింది. కోపం వచ్చిందా అంటే రాలేదు. ఏమొచ్చిందో ఆమెకే అంతుబట్టలేదు. ఈరోజు చెయ్యి కడిగినందుకు బాధపడాలా, కడగకుండా మిగిల్చిన ఇన్నేళ్లకూ బాధపడాలా? కొత్త కాపురంలో అతను కంచంలో మైసూర్‌పాకు ముక్క మిగిలిస్తే సిగ్గుపడి నవ్వుకున్న మాట నిజం. అది ప్రేమ కాదని ఎలా అంటుంది? ప్రేమే అయితే, తను తిన్న కంచంలో అతను ఒక్కనాడైనా ఎందుకు తినలేదు? బస్సు దిగేదాకా ఇదే గోల.

పదో తరగతిలో ఆరోజు పాతకాలపు కావ్యంలోని పాఠం. అతిథులందరికీ వడ్డించి, భర్త విస్తరిలో మిగిలింది తిని, వాళ్ల తృప్తి చూసే కడుపు నింపుకున్న ఇల్లాలి కథ. ఏటా లోకేశ్వరి ఆ పద్యాలు గొంతెత్తి పాడుతుంది, ఏటా పిల్లలు ఆవులిస్తారు. వందల ఏళ్ల నాటి ముచ్చట్లు వాళ్లకెందుకు?

ఈసారి లోహిత లేచి నిలబడింది. వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి.

"టీచర్, కడుపు నిండిందని ఆమె చెప్పిందా, కవి చెప్పినాడా?"

"మా అమ్మా అంతే టీచర్," అన్నాడు రూపేష్ వెనక బెంచీలోంచి. "ఆకలి లేదంటాది. మొన్న ఫ్యాక్టరీలో కండ్లు తిరిగి పడిపాయ."

మా అవ్వ కూడా, మా అక్క కూడా అంటూ తరగతంతా సంతైపోయింది. ఆ ఇల్లాలు ఎక్కడైనా నోరు విప్పిందేమోనని అందరూ పుస్తకాలు తిరగేశారు. లోకేశ్వరి కూడా తిరగేసింది. అతిథులు మాట్లాడారు, భర్త మెచ్చుకున్నాడు, కవి పొగిడాడు. ఆమె ఒక్క మాటా అనలేదు! నోటికొచ్చిన పద్యాల్లో ఇది తనకు ఇన్నేళ్లూ ఎందుకు కనబడలేదు?

"ఆమెకు నిజంగానే ఆకలి కాలేదా టీచర్? మేం ఏం రాయాల?" లోహిత ఇంకా నిలబడే ఉంది.

భర్త తృప్తే ఆమె తృప్తి అని రాస్తే మార్కులు వస్తాయి. ఆ జవాబు నాలుక చివరే ఉంది. అది చెబితే ఈ పిల్లలు ఊరుకుంటారు, ఇంటికి పోయి తల్లులు ఆకలి లేదంటే నమ్మేస్తారు. పొద్దున్నుంచీ తన కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. దాన్నే దిగులనుకుంటూ ఇంతదూరం వచ్చింది.

"మార్కుల మాట తర్వాత," అంది లోకేశ్వరి కుర్చీలో కూలబడుతూ. "ఆమె సంగతి నాకు తెలీదు లోహితా. నాకైతే ఆకలేస్తా ఉండాది."