జెండా గుచ్చిన పళ్ళెం

హోటల్ గదిలో వాష్‌బేసిన్ చాలా చిన్నది. గిన్నె అందులో పట్టదు. పక్కకి వంచి పట్టుకుని, కుళాయి కింద కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ తోమాలి. ఆమె అలాగే తోముతోంది. అన్నం వండిన బుల్లి కుక్కరు, కూర గిన్నె, గరిటె, పాప చెంచా. పీచు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ఇక్కడి గుడ్డ అంతకుముందు ఏ గిన్నె తుడిచిందో ఎవరికి తెలుసు? మంచం మీద నుంచి భర్త గొంతు వినిపించింది.

"సెలవు పెట్టుకుని వచ్చి కూడా అంట్లేనా? చూసినవాళ్ళు నేనేదో నిన్ను హింస పెడుతున్నాననుకుంటారు."

ఆమె కుళాయి ధార తగ్గించింది. "అయిపోయిందండీ" అంది. హాస్యానికి అన్నాడనే అనుకోవాలి. అతని మాటల్లో ఏది హాస్యమో, ఏది కాదో తేల్చుకునే పని కూడా పెళ్ళయిన నాటి నుంచీ ఆమెదే.

పాపకి పాలు పడవు. పడవంటే అరగకపోవడం కాదు. వెన్న రాసిన చెంచా నోటికి తగిలినా పెదవులు ఉబ్బుతాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఆ తర్వాత గొంతు మూసుకుపోతుంది. పాప ఇంకా పాకుతున్న వయసులో, ఆమె ఆఫీసులో ఉండగా, అత్తగారు ముద్దుగా ఓ చెంచాడు పాలు పట్టించారు. ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో అత్తగారు అన్న మాట ఆమెకి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా ఇంటా వంటా లేదమ్మా ఇలాంటి రోగం. కడుపుతో ఉన్నప్పుడు నువ్వేం తిన్నావో ఏమో." డాక్టరు చెప్పిందంతా భర్త తలూపుతూ విన్నాడు. కారెక్కాక, "వీళ్ళు ఇలాగే భయపెడతారు. పెద్దయితే అదే పోతుంది" అన్నాడు. విన్న మాట మర్చిపోవడం అతని వంతు, గుర్తుపెట్టుకోవడం ఆమె వంతు అని ఆ రోజే తేలిపోయింది.

అప్పటి నుంచి ఆమె డబ్బాల మీది చిన్నచిన్న అక్షరాలు చదువుతోంది. ఉద్యోగం కూడా అలాంటిదే. ఒక ప్రెస్సులో మందుల పెట్టెల మీద అచ్చయ్యే అక్షరాలు సరిచూస్తుంది. తప్పు దొరికితే మేనేజరు నవ్వుతూ, "మీరు తప్పులు పట్టడానికే పుట్టారండీ" అంటాడు. ఆ తప్పు దొరక్కుండా అచ్చయిపోతే మాత్రం నవ్వడు. ఈసారి సెలవు అడిగినప్పుడు, "మళ్ళీ పాపేనా? మీ ఇంట్లో ఇంకెవరూ లేరాండీ?" అన్నాడు. ఉన్నారు. అందరూ ఉన్నారు. ఇంట్లో ఆమె పేరు ఇన్‌స్పెక్టరు. విందుకి వెళ్ళి ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడగానే ఆడపడుచు, "వదినొచ్చింది, అందరూ చేతులు చూపించండి!" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే, హాస్యం తెలియని మనిషనే పేరు కూడా వచ్చి చేరుతుంది.

ఈ ప్రయాణం ఆడపడుచు కొడుకు పుట్టినరోజు కోసం పెట్టుకున్నది. వాడిని అందరూ చిన్నోడు అంటారు. వాడికి బొమ్మల పార్కు చూడాలని ఉంది. గుహలోంచి వెళ్ళే రైలు, నీళ్ళలోకి దూకే పడవ, ఏనుగంత ఎత్తు కుందేలు. పాపకీ అవన్నీ చూడాలని ఉంది. దానికి ఇంకో కోరిక కూడా ఉంది. రైలు కోసం వరసలో నిలబడి, ఎవరికీ వినపడకుండా తల్లి చెవిలో చెప్పింది.

"అమ్మా, ఈ ఒక్కరోజు నేను కూడా అందరిలాగే హోటల్లో తింటానే. డబ్బాలోది వద్దు."

భుజాన సంచీలో పొద్దున వండిన అన్నం ఉంది. అయినా ఆమె సరేనంది. పాపకి అడగడం తక్కువ. అడిగిన దానికల్లా వద్దనే చెప్పీ చెప్పీ ఆమె నోరు చేదెక్కిపోయింది.

పార్కులోని భోజనశాలలో ఆమె వంటవాడితో మాట్లాడాలంది. భర్త మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "పెద్ద హోటల్లో కూడా మొదలుపెట్టావా? పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు." వంటవాడు తెల్ల టోపీతో బయటికి వచ్చాడు. ఇలాంటి పిల్లలు తమకి అలవాటేనన్నాడు. వేరే మూకుడులో, వెన్నా పాలూ లేకుండా నూనెతో చేసి, తనే స్వయంగా తెచ్చిపెడతానన్నాడు. అన్నట్టే తెచ్చాడు. మెదిపిన బంగాళాదుంప, ఉడికించిన క్యారెట్టు. దుంప ముద్ద మీద పుల్లకి అంటించిన పచ్చ కాగితం జెండా.

"ఈ జెండా ఉన్న పళ్ళెమే పాపదమ్మా. పక్క పళ్ళెంలో పెట్టిన చెంచా ఇందులో పెట్టనివ్వకండి" అన్నాడు. చిన్నోడికి కూడా అదే దుంప, అదే క్యారెట్టు వచ్చాయి. వాడి దుంపలో వెన్నా, పాలూ ఉన్నాయి. జెండా లేదు.

"అబ్బో, మా మేనకోడలు రాణీగారే! కోట మీద జెండా ఎగరేసింది" అంది ఆడపడుచు. పాప సిగ్గుపడి నవ్వింది. ఆమె ఒక ముద్ద రుచి చూసి, పాప తినడం చూసి, అప్పుడు కూర్చుంది. కూర్చుందో లేదో అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, గొంతు పట్టేసింది. కాసిని వేడినీళ్ళు పట్టుకురా. బాగా కాగినవి. గోరువెచ్చనివి తేకు."

"ఆ వడ్డించే అబ్బాయిని అడుగుదామత్తయ్యా. తెచ్చిస్తాడు."

"గ్లాసుడు నీళ్ళకి కూడా మనుషుల్ని పిలవాలా?" అన్నాడు భర్త. "నువ్వు లేచెళ్తే అరిగిపోతావా? పాప పక్కన మేమందరం లేమూ!"

వేడినీళ్ళ కుళాయి హాలుకి ఆ చివర ఉంది. దాని ముందు పాలసీసాలు పట్టుకున్న తల్లుల వరస ఉంది. ఆమె ఫ్లాస్కు పట్టుకుని ఆ వరసలో నిలబడింది. మధ్యలో స్తంభం అడ్డు. అటు వంగి చూస్తే భర్త వీపు మాత్రం కనిపిస్తోంది.

తిరిగి వచ్చేసరికి చిన్నోడు పచ్చ జెండా ఊపుతూ రైలు కూత కూస్తున్నాడు. అది గుచ్చిన పళ్ళెం వాడి ముందుంది. పాప ముందున్న పళ్ళెం దాదాపు ఖాళీ అయింది. పాప తల వంచుకుని మెడ గోక్కుంటోంది. పై పెదవి అప్పటికే లావెక్కింది. మిగిలినవాళ్ళు, మధ్యాహ్నం పడవెక్కాలా కుందేలు దగ్గరికెళ్ళాలా అని వాదించుకుంటున్నారు.

"ఈ పళ్ళెం ఎవరు మార్చారు?"

"వాడు ఆ జెండా కావాలని ఒకటే ఏడుపమ్మా" అన్నారు అత్తగారు. "పీకి ఇస్తే ఊరుకోలేదు, పళ్ళెంతో సహా కావాలన్నాడు. పుట్టినరోజు పిల్లాడు. రెండూ ఒకటే కదా! అదే దుంప, అదే క్యారెట్టు."

ఆమె ఫ్లాస్కు బల్ల మీద పెట్టేసింది. పాపని నేల మీద పడుకోబెట్టింది. డాక్టరు ఎప్పుడూ దగ్గరుంచుకోమన్న పెన్నులాంటి ఇంజెక్షన్ సంచీలోంచి తీసి, మూత లాగి, గౌను మీద నుంచే తొడకి ఆనించి గట్టిగా నొక్కి పట్టుకుంది. పాప కీచుమని అరిచింది. ఆ అరుపు విని ఆమె ప్రాణం కుదుటపడింది. అరిచిందంటే గాలి ఇంకా ఆడుతోందన్నమాట. ఎవరో పరుగెత్తారు. ఎవరో కుర్చీలు జరిపారు. "ఇంత హడావుడి అవసరమా, ఒక మాత్ర వేస్తే పోదూ?" అని అత్తగారు అంటున్నారు. ఆ మాట ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

పార్కులోని ప్రథమ చికిత్స గది గోడల మీద కూడా నవ్వే బొమ్మలే. నర్సు పాప ముక్కుకి గాలి గొట్టం పెట్టింది. వేలికి క్లిప్పు తగిలించింది. అంబులెన్సు వస్తోందనీ, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టవచ్చనీ, అందుకే ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పింది. నర్సు ఫోను చేయడానికి అటు తిరగగానే పాప తల్లి వేలు పట్టుకుని లాగింది.

"నేనడిగానమ్మా." గొంతు బొంగురుపోయింది.

"ఏమని అడిగావురా?"

"అది నాది కదా నాయనమ్మా, మార్చొద్దు అని. రెండుసార్లు అడిగా. నాన్నేమో, వాడు ఏడుస్తున్నాడు కదా బంగారం, సర్దుకో, నువ్వు కూడా మీ అమ్మలా మొదలుపెట్టకు అన్నాడు."

"నోరు దురద పెట్టినప్పుడైనా చెప్పాలి కదా తల్లీ?"

"చెబితే మళ్ళీ అందరూ తినడం ఆపేసి లేవాలి కదమ్మా."

ఆమె పాప జుట్టు వెనక్కి దువ్వుతూ ఉండిపోయింది. సర్దుకో. ఆ మాటని పుట్టింట్లో ఆమె చేతిలో పెట్టి పంపారు, అత్తింట్లో ఆమె దాన్ని అరిగేదాకా వాడింది. నడుం నొప్పికి సర్దుకుంది, ఇన్‌స్పెక్టరు పేరుకి సర్దుకుంది, పెళ్ళిలో అందరూ తిన్నాక చల్లారిన డబ్బా అన్నం పాపతో కలిసి ఓ మూల తిని సర్దుకుంది. తను సర్దుకుంటే చాలు, పాప దాకా రాదనుకుంది. బిడ్డకి పాఠాలు రెండు చెప్పింది: ఏది తినబోయినా ముందు అడుగు, నాయనమ్మ ఏమన్నా ఎదురు చెప్పకు. రెండో పాఠం మొదటిదాన్ని మింగేస్తుందని ఆమెకి తట్టలేదు. ఎప్పుడూ మార్కులు తెచ్చుకునే పిల్ల, రెండో పాఠం కూడా చక్కగా నేర్చుకుంది.

భర్త లోపలికి వచ్చాడు. వెనకే అత్తగారు, ఆ వెనక భోజనశాల మేనేజరమ్మ, ఆవిడ పక్కన టోపీ చేత్తో పట్టుకున్న వంటవాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ముందే చెప్పాం, పాపకి పాలు పడవని" అంటున్నాడు భర్త. అతని గొంతు ఇంత గట్టిగా పాప గురించి మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "అయినా మీవాడు కలిపాడు. పిల్ల ప్రాణంతో చెలగాటమా ఇది? ఇలాంటివాడిని పనిలో ఎలా పెట్టుకున్నారు?"

ఆమె తలెత్తింది. అతను గబగబా మంచం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను. అమ్మ పెద్దావిడ, తెలిసి చేసిందా ఏంటి? నలుగురిలో ఆవిడ పేరెలా తీస్తాం? వీళ్ళకేం, ఇంకో వంటవాడు దొరుకుతాడు. ఈ ఒక్కసారికీ సర్దుకో."

మేనేజరమ్మ అతన్ని దాటి ఆమె వైపు చూసింది. "అమ్మా, మీరు చెప్పండి. ఏం జరిగింది?"

అత్తగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాప కళ్ళు తెరిచే ఉంది.

"వంటగదిలో ఏ తప్పూ జరగలేదండీ" అంది ఆమె. "మా అత్తగారు పళ్ళేలు మార్చారు. పాప వద్దంది. మా ఆయన సర్దుకుని తినమన్నారు. ఆ వంటాయన్ని వెళ్ళనివ్వండి, పని చూసుకుంటాడు."

వంటవాడు తల వంచి వెళ్ళిపోయాడు. "చూశావా, పరాయివాడి ముందు నన్ను హంతకురాలిని చేసింది!" అని అత్తగారు ఏడుపు అందుకున్నారు. భర్త ముఖం కందగడ్డలా అయింది. "ఇంటికి పద, అక్కడ మాట్లాడదాం" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

నర్సు ఇవేవీ పట్టించుకోకుండా పాప మీదికి వంగింది. "ఇప్పుడెలా ఉందమ్మా? ఎక్కడైనా ఇబ్బందిగా ఉందా?"

పాప నర్సుని చూడలేదు. ముందు నాయనమ్మని చూసింది. తర్వాత నాన్న ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం ఎంత ఉందో కొలుచుకున్నట్టు చూసింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే తను భర్త ముఖం చూసే చూపు అది.

"ఏం లేదు. బాగానే ఉన్నా" అంది పాప.

"చూశావా, తగ్గిపోయింది!" అన్నాడు భర్త.

ఆమె వాళ్ళకీ పాపకీ మధ్య అడ్డంగా నిలబడింది. ఇప్పుడు పాపకి తల్లి తప్ప ఎవరూ కనిపించరు. "ఇప్పుడు చెప్పు. ఎవరూ ఏమీ అనరు. ఎలా ఉంది?"

"ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందమ్మా. ఇందాకటి కంటే ఎక్కువగా."

నర్సు ఒక్క క్షణం ఆగలేదు. రెండో ఇంజెక్షన్ తీసింది. బయట అంబులెన్సు తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. బొమ్మల గోడల మధ్య నుంచి స్ట్రెచరు తోసుకుంటూ పోతుంటే, వరసలో నిలబడ్డ పిల్లలు ఇదీ ఒక ఆటే అనుకుని చేతులూపారు. పాపని ఎక్కించారు. ఆమె ఎక్కి పక్కన కూర్చుని గాలి గొట్టం సరిచేసింది. భర్త కూడా మెట్టు మీద కాలు పెట్టాడు.

"మీరు రావద్దు" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. "నేను దాని తండ్రిని" అన్నాడు.

"అందుకే రావద్దంటున్నాను. దారిలో దానికి ఊపిరి అందకపోతే నాకు తెలియాలి. మీరు ఎదురుగా ఉంటే అది చెప్పదు."