పైడమ్మ నెత్తురుమరక

దగ్గఱకు జరిగి కూర్చుండుఁడు బిడ్డలారా, ఇది గొంతెత్తి చెప్పఁదగిన కథ గాదు.

గ్రీష్మతాపమునఁ గృశించి సైకతరాశుల నడుమ సన్నని వెండిత్రాడువలె సాగుచున్న నాగావళీతీరమున ప్రభాతారుణకిరణములు తడియిసుకపైఁ బొరలుచుండఁగా రేవుబండలపై వస్త్రతాడనధ్వనులు చెలరేఁగుచుండిన వేళ, రజకాంగన యసిరమ్మ మాత్రము మూట విప్పక యొకచోటఁ గుదురుగ నిలువలేక యొడ్డుపొడవునఁ దిరుగుచుండెను. నలువది దినములుగా నామె కదియే తీరు.

ఆమె చెల్లెలు పైడమ్మ మోతుబరి యింటఁ బనికిఁ బోయి మూఁడవనాఁడు ఆ యింటి దొడ్డినూతఁ దేలెను. కాలుజాఱినదని యూరెల్ల ననెను. శవము తేలుటకు ముందునాఁడే ఆ యింటి పెద్దకొడుకు పంచె నెత్తురుమరకతో మూటలో రాఁగా, "అమ్మోరికి కోడిని కోసినార్లే" యన్న వారి మాట నమ్మి, వేఁడి తగిలిన నెత్తురుమరక గట్టిపడునని యెఱిఁగిన నేర్పరి గావున నావిరికుండ కెక్కింపక చన్నీటఁ జవుటిమన్నుతో మూఁడుమాఱులు పిండి, అంచునఁ జిక్కిన పచ్చగాజుపెంకు నేటిలోనికి విసరి, తన పనితనమునకుఁ దానే మురిసినది యసిరమ్మ! తోడఁబుట్టినదాని సాక్ష్యమును దన చేతులతోడనే కడిగివైచినది.

మరణవిచారణకుఁ గచ్చేరినుండి పిలుపు రాఁగా బావగారును గులపెద్దయు నగు గవరయ్య వచ్చి యడ్డగించెను.

"అసిరీ, ఇళ్ళోళ్ళ బట్టల్లో సూసింది రేవులోనే ఒగ్గీయాల. తాతలనాటి కట్టుబాటది. నువ్ నోరిప్పితే ఏ గడపోళ్ళు మనకి మూటిస్తారే?"

"నాను సెప్పకుంటే పైడి కాలుజారినట్టే గదా బావా!"

గవరయ్య తల వంచికొని వెడలెను.

కచ్చేరిలో మోతుబరి వకీలు వెటకారముగ నవ్వెను. "రోజూ వంద బట్టలు ఉతుకుతావు. ఒక్క పంచె మరక ఎలా గుర్తుందే నీకు?"

"బాబూ, తమరి మెడకాడి తెల్లపట్టీకి సిరా పడితే నానబెట్టకండా ఉడకబెట్టీసినారు. ఎవులుతికినారో గాని, పనిరాదు."

సభ గొల్లుమనెను. వకీలు చేయి మెడపట్టీపైకిఁ బోయెను. అసిరమ్మ మాత్రము నవ్వలేదు.

"ఉతికింది నానే బాబూ. అంచుకి పచ్చగాజుపెంకు సిక్కుకుంది. మా పైడి సేతులకీ పచ్చగాజులే. కోడి గాజులేసుకోదు. ఆ పొద్దు నాకా మాట తోచనేదు."

న్యాయాధిపతి కలమెత్తి, పైడమ్మ జాఱిపడలేదని వ్రాసికొనెను.

ఆనాఁటినుండి యే యింటి మూటయు నసిరమ్మ గడపకు రాలేదు. ఏడవనాఁటి యుదయమున నెగువయూరి స్త్రీ యొకతె రేవునకు వచ్చి కొంగుచాటునుండి మడిచిన చీర నొకదానిని దీసి చాఁచెను.

"మా కోడలిది. ఉతకొద్దమ్మా. సూసి సెప్పు."

అసిరమ్మ యా చీరను దీసికొని యెండవైపునకుఁ దిరిగెను.

బిడ్డలారా, దీనిని మఱవకుఁడు, మీవారికిఁ జెప్పుఁడు. చంపినవాని పేరెవరేని యడిగిన నక్కఱలేదనుఁడు. పైడమ్మ పేరు మాత్రము విడువకుఁడు.