ముగ్గురు ఉండకూడదని

కెనడాలోని హామిల్టన్‌లో మా బేస్‌మెంట్‌కు ఒకటే కిటికీ. దాంట్లోంచి ఇంటి ఓనరు కారు టైర్లు కనిపిస్తాయి. లాక్‌డౌన్ వచ్చాక అవి కూడా కదలడం మానేశాయి. మా ఆయన ప్రజ్వల్ సార్నియా అనే ఊళ్లో ప్లాంటు పనిమీద వెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారు లక్ష్మమ్మ, నేను ఇక్కడ ఇరుక్కుపోయాం. ఒకే గది, ఒకే టేబులు. నా డిజైన్ ఆఫీసూ అదే, ఆవిడ కూరగాయలు తరిగేదీ అదే.

ఏప్రిల్లో మా ఆఫీసుకు కరోనా జాగ్రత్తల పోస్టరు పని వచ్చింది. భోజనాల బల్ల దగ్గర రెండు కుటుంబాలు, ఒక్కోదాంట్లో ముగ్గురు. ఒకటి తెల్లవాళ్లది, ఒకటి మనలాంటి వాళ్లది. మనవాళ్లు పోస్టర్లో ఉంటారంటే నాకు పొంగిపోయినంత పనైంది. అత్తమ్మనే కూర్చోబెట్టి గీశాను. ఆవిడ పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి మరీ కట్టుకుంది.

"ముగ్గుర్ని గీస్తవా? ముగ్గురుంటే మంచిది కాదు సుధా. ఇంకొకల్ని పెట్టు," అంది.

ఫోటోకు ముగ్గురు నిలబడితే నాలుగో మనిషిని లాక్కొచ్చే ఇంట్లో పెరిగినదాన్నే. మారుమాట లేకుండా పెట్టాను. తర్వాత ఆఫీసువాళ్లు ఇద్దరు పిల్లలు కూడా కావాలన్నారు, ఆరుగురయ్యారు. అన్యాయం కాకూడదని తెల్లవాళ్లను కూడా ఆరుగురిని చేశాను.

గురువారం వీడియో కాల్‌లో మా బాసు హెదర్ పోస్టరు చూపించింది. తెల్లవాళ్ల మీద, ఇలా ఉండండి అని పచ్చటి రైటు గుర్తు. మా అత్తమ్మ మీద, ఇలా వద్దని ఎర్రటి ఇంటూ గుర్తు.

"రెండు చోట్లా ఆరుగురే కదా," అన్నాను.

"అవును, కానీ వాళ్లను చూస్తే ఒకే ఇంటివాళ్లలా ఉన్నారు. వీళ్లను చూస్తే పార్టీలా ఉంది," అంది నవ్వుతూ. "ఫైనల్ ఫైల్ సాయంత్రానికి పంపు సుధామయీ. నీ లెటర్ మీద రేపు సంతకం పెడతాను."

అక్కడ పట్టుకుంది నన్ను. ఆగస్టుతో నా వర్క్ పర్మిట్ అయిపోతుంది. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కు అప్లై చేయాలంటే ఆఫీసు ఇచ్చే ఆ ఉద్యోగం లెటర్ కావాలి. ఒళ్లు మండిపోయింది. అయినా, సిగ్గుచేటుగానే చెబుతున్నాను, "ఓకే" అన్నాను.

ఒకే గదిలో ఏం దాస్తాం? వెనక్కి తిరిగితే అత్తమ్మ స్క్రీన్‌నే చూస్తోంది. ఇంగ్లీషు రాకపోయినా ఇంటూ గుర్తు ఎవరికి తెలియదు?

"మనమేం తప్పు చేసినం?" అంది.

"ఏం చేయలేదు అత్తమ్మా."

"నేను నలుగుర్ని పెట్టమన్నందుకా?"

"కాదు. ముగ్గురున్నా ఇట్లనే పెట్టేవాళ్లు." ఆ మాట నా నోటితో అన్నాకే నాకు నిజమని తెలిసింది. లెటర్ సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ కాసేపు బెండకాయలు తరిగింది. తర్వాత కత్తి పక్కన పెట్టింది.

"పంపియ్యి బిడ్డా. బొమ్మే గదా. ఈ ఊర్లె నన్నెవరు గుర్తుపడ్తరు?"

అప్పటిదాకా పంపేద్దామనే ఉన్నాను. ఆవిడ పంపమనేసరికి నాకు చేయి రాలేదు. హెదర్‌కు మెయిల్ రాశాను. రెండు కుటుంబాలకూ ఒకే గుర్తు పెట్టండి, లేదంటే నా బొమ్మ వాడొద్దు, అందులో ఉన్నది మా అత్తగారు, అని. తొందరలో అక్షరాలు తప్పులు పోయాయి. దిద్దకుండానే పంపాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. నా నిజాయితీకి థాంక్స్ అట. బొమ్మ వేరేవాళ్లతో గీయిస్తారట. నా లెటర్ గురించి హెచ్‌ఆర్‌తో మాట్లాడాక చెబుతారట.

"ఏమన్నరు?" అంది అత్తమ్మ.

"వేరే ముసలమ్మను గీస్తారట."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకొని కూర్చుంది.

"పాపం, ఎవరి అత్తనో," అంది.