ఏడు తలుపుల పెట్టె

మా ఆయన తాళాలు బాగుచేస్తారు. ఊళ్ళో ఎవరింటి తలుపు బిగుసుకున్నా తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్తారు. మా వంటింటి అలమారకి ఉన్న ఒక్క గొళ్ళెం మాత్రం ఈమధ్య మాయమైంది. వెతగ్గా వెతగ్గా కుక్క పెట్టెకి బిగించి కనిపించింది.

కుక్క మాది కాదు, మా అక్కది. పేరు దొర. తొమ్మిదేళ్ళుగా అక్క ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. ఆరు వారాల కిందట అక్కకి నడుము ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి తను ఆసుపత్రిలో, దొరగారు మా ఇంట్లో. రోజూ సాయంత్రం ఐదింటికి అక్క వీడియో కాల్ చేస్తుంది. వాడి మొహం చూశాకే ఆవిడకి నాలుగు మెతుకులు గొంతు దిగేది. ఒకరోజు నా ఫోన్ చార్జింగ్ అయిపోయి మాట్లాడలేకపోతే, మీ అక్క భోజనం ముట్టలేదని నర్సమ్మ నాకు చివాట్లు పెట్టింది. ఇక వీడు. అక్క గొంతు వినగానే తోకాడిస్తాడు, తర్వాత ఫోన్ వెనక్కి వెళ్ళి చూస్తాడు. అక్కడ నా చెయ్యి తప్ప ఏముంటుంది. అయినా రోజూ చూస్తాడు.

వచ్చిన మొదటివారం ముంగాలు నాకి నాకి పుండు చేసుకున్నాడు. పశువుల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "జబ్బేం లేదమ్మా, రోజంతా ఒక్కడే ఉంటున్నాడు, బుర్రకి పని లేదు. ఏదైనా వెతుక్కుని తినేలా పెట్టండి" అన్నాడు. మా ఆయనకి ఆ మాట చాలు. పాత చెక్కలు తెచ్చి పెట్టె చేశారు. దానికి చిట్టి తలుపులు, ఒక్కో తలుపుకి ఒక్కో రకం గడియ, ఒక్కో తలుపు వెనక ఒక బిస్కెట్. మొదట కొక్కెం, తర్వాత జారుడు గడియ, ఆ తర్వాత నా అలమారా గొళ్ళెం. దొర మూతితో నెట్టి, పంటితో లాగి, పంజాతో తిప్పి అన్నీ నేర్చేసుకున్నాడు. పుండు మానింది. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

నిన్న సాయంత్రం ఏడో తలుపు పెట్టారు. దానికి బిగించింది అచ్చం మా వీధి తలుపుకున్న పిడే, బయట తాళం వేసున్నా లోపల్నుంచి తిప్పితే తెరుచుకునే రకం. పొద్దున్నే చీకట్లో ఆ పెట్టె నా కాలి బొటనవేలికి తగిలింది. ఒంటికాలి మీద లేచాను. "వంటింటికి ఒక్కటి లేదు గానీ కుక్కకి ఏడు గడియలా? ఇవాళ నేను బిస్కెట్లు పెట్టను. మీరూ మీ దొరా ఏమన్నా చేసుకోండి" అని, ఎనిమిదింటికే నేను పనిచేసే డ్రైక్లీనింగ్ షాపుకి వెళ్ళిపోయాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఎదురు చెప్పి ఉంటే నా కోపం అక్కడే చల్లారేది.

మధ్యాహ్నమంతా ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డాను గానీ మనసు మనసులో లేదు. పాపం, నా బొటనవేలికి వాడేం చేశాడు? ఆ ఏడు తలుపులూ తెరిచి లోపల ఏమీ లేదని చూసుకుంటాడు కదా అనిపించి, ఒక చొక్కా కాలర్ దాదాపు మాడ్చాను.

మూడింటికి ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. పిడి మీద చొంగ మరకలు. పైప్రాణాలు పైనే పోయాయి. గదులు చూశాను, మంచం కింద చూశాను. మూలనున్న పెట్టె తలుపులన్నీ వేలాడుతున్నాయి. దగ్గరికెళ్ళి చూడటానికి మొహం చెల్లలేదు. ఖాళీగా వదిలింది నేనే కదా, ఇంట్లో దొరక్క బయటికి వెతుక్కుంటూ పోయాడు.

ఆయనకి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చారు, పనిసంచి భుజానే ఉంది. పిడి వంక చూసి, "నేనే నేర్పాను" అన్నారు. పొద్దున కోపంలో అన్నంత పనీ చేశానన్న సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మేముండేది మొదటి అంతస్తు, కింద గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రోడ్డు మీదికే పోయుంటాడనుకున్నాం. ఆయన బస్టాపు వైపు, నేను మాంసం కొట్టు వైపు. కొట్టతను చూడలేదన్నాడు. పార్కు కాపలాదారు చూడలేదన్నాడు. మెయిన్ రోడ్డు దగ్గర ఒక లారీ గట్టిగా బ్రేకు వేస్తే అటు పరిగెత్తాను. తీరా చూస్తే ఎవరో సైకిల్ మీద అడ్డమొచ్చారు. వాడికి తొమ్మిదేళ్ళు, దగ్గర్నుంచి అయితే తప్ప చెవులు వినపడవు, ఎంత అరిచినా లాభం లేదు. నాలుగున్నర అయింది. అక్కకి ఏం చెప్పాలి? స్నానం చేయిస్తున్నానని చెప్పొచ్చు. ఇవాళ్టికి సరే, మరి రేపు?

ఐదింటికి పది నిమిషాలుండగా ఇద్దరం గేటు దగ్గర ఉత్తచేతులతో కలిశాం. ఆయన నా మొహం చూడలేదు, నేను ఆయన మొహం చూడలేదు. కనీసం ఫోన్ అన్నా ఇంట్లో కూర్చుని ఎత్తుదామని మెట్లెక్కాం.

రెండో అంతస్తులో ఉండే టైలరు పిన్నిగారికి ఒక పిల్లి ఉంది. దాని కాలక్షేపానికి ఆవిడ కిటికీకి చెక్క బిగించింది. రోజంతా అక్కడ కూర్చుని వీధి చూడటమే దాని ఉద్యోగం. అలాంటిది ఇవాళ ఉద్యోగం మానేసి మెట్ల మీద నిలబడింది. తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బిపోయి ఉంది, చూపు పైకి ఉంది.

"పైన" అన్నాను.

రెండో అంతస్తులో చెప్పుల అలమారా తెరిచి ఉంది. మూడో అంతస్తులో కరెంటు మీటర్ల పెట్టె తలుపు తీసి ఉంది, తీగలు చూసి గబుక్కున మూసేశాను. నాలుగో అంతస్తులో చీపుళ్ళ గది. అన్నిటి గడియల మీదా అదే చొంగ. మేడమీది తలుపు కూడా తీసి ఉంది. ఆ మేడకి పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. ఆయన నన్ను వెనక్కి నెట్టి ముందు వెళ్ళారు.

దొర నీళ్ళ మోటారు గది ముందు ఉన్నాడు. దానికి తాళంకప్ప ఉంది, వాడికి రాని తాళం అదొక్కటే. మూతి గీరుకుపోయి రక్తం వస్తున్నా దాన్ని తడుతూనే ఉన్నాడు. ఆయన సంచిలోంచి ఇనుప పుల్ల తీసి ఆ తాళం తెరిచి చూపించారు. లోపల మోటారు తప్ప ఏమీ లేదు. వాడు మూల మూలా చూసి బయటికొచ్చి, నా పాదాల మీద తల పెట్టి పడుకున్నాడు. నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

ఫోన్ మోగింది. చీర చెంగుతో వాడి మూతి తుడిచి ఎత్తాను.

"ఏంటే, అలా రొప్పుతున్నావు?" అంది అక్క.

"మెట్లెక్కానక్కా. ఇదిగో మీ వాడు."

వాడు తోకాడించాడు. ఎప్పట్లాగే ఫోన్ వెనక్కి వెళ్ళి చూశాడు. అక్క వాడితో ముచ్చట్లాడుతుంటే ఫోన్ పట్టుకునే కిందికి దిగాం. ఇంట్లోకి రాగానే, ముందు వాడికి తిండి పెడదామని పెట్టె దగ్గర వంగాను.

ఏడు తలుపులూ తెరిచి ఉన్నాయి. ఏడు బిస్కెట్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"మీరు నింపారా?" అన్నాను.

"నువ్వెళ్ళాక నింపాను. నీ కోపం నా మీద కదా, వాడి మీద కాదు కదా" అన్నారు ఆయన.

అంటే వాడు ఆకలితో పోలేదు. తలుపు తీయడం వచ్చేసరికి, ఏ తలుపు వెనక ఉందోనని అక్కని వెతుక్కుంటూ పోయాడు. ఇక దాచలేకపోయాను. మొదట్నుంచి చివరిదాకా, తిట్టింది కూడా వదలకుండా, అక్కకి చెప్పేశాను.

ఫోన్లో తను ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆదివారం వాణ్ణి తీసుకొస్తాను. చక్రాల కుర్చీలో గేటు దాకా రాగలవా?" అన్నాను.

"రాగలను. కానీ కుక్కల్ని లోపలికి రానివ్వరే. ఆ గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది."

"ఉండనీ అక్కా," అన్నాను, "వాడు తీస్తాడు."