పెన్నుకు తలంటు

బుడమేరు బెజవాడను ముంచిన ఏడు జరిగిందిది. వరద తీసి రెండు నెలలై, పెడన షెడ్లలో గుడ్డలు మళ్ళీ ఎండుతున్న రోజులు. ఒక మంగళవారం పొద్దున్నే గౌస్ తన కూతురి పెన్నును నూనె తొట్టిలోంచి పైకి తీశాడు. పాత లుంగీ ముక్కతో శుభ్రంగా తుడిచాడు. ఎక్కడిది అక్కడే పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు.

అది చెప్పాల్సిన సంగతని ఆయనకు తోచలేదు. కలంకారీ గుడ్డల మీద పూలు, చిలకలు, తీగలు అద్దే టేకు అచ్చులను ఆయన నలభై అయిదేళ్ళుగా చెక్కుతున్నాడు. కొత్త అచ్చు తయారవగానే నూనెలో పడుకోబెడతారు. నూనె తాగిన అచ్చు పగలదు, రంగును సమంగా పట్టుకుంటుంది, చేతికి లొంగుతుంది. ముందు రోజు సాయంత్రం కూతురు తమన్నా ఆ తెల్ల పెన్ను మొనను వేలితో తడిమి, "కొత్తది కదా, గరగరలాడుతోంది" అనుకుంది. గౌస్ విన్నాడు. పడుకోబోయే ముందు దాన్ని తీసుకెళ్ళి నాలుగు కొత్త అచ్చుల మధ్య నూనెలో వేశాడు. ఆయన ప్రేమలన్నీ అంతే, నోటితో వాటికి సంబంధం ఉండదు.

ఆ పెన్ను కాగితం మీద రాసేది కాదు. టాబ్లెట్ అద్దం మీద బొమ్మలు గీసేది. దాంతోనే తమన్నా మూడు వారాలుగా ఒక దుప్పటి డిజైన్ గీస్తోంది. హైదరాబాదులో దుప్పట్ల వ్యాపారం చేసే ప్రసన్నలక్ష్మి గారికి అది ఆ సాయంత్రం అయిదు లోపల చేరాలి. చేరితే పని తమన్నాది, చేరకపోతే ఇంకొకరిది. బందరు కాలేజీ చదువు అయ్యాక ఆ పిల్ల తన పేరు మీద తెచ్చుకున్న మొదటి పని అది. చిలకలు అయిపోయాయి, దానిమ్మకాయలు అయిపోయాయి. అంచు వెంట పాకే తీగ ఒక్కటే మిగిలింది. గంట పని.

రెండింటికి కూర్చుని పెన్ను ఆనించింది. గీత పడలేదు. నొక్కి గీసింది. అద్దం మీద నిగనిగలాడుతూ ఒక చార మాత్రం పడింది. తెర మధ్యలో ఒక పెట్టె తెరుచుకుంది. పెన్ గుర్తించబడలేదు అని ఉంది అందులో.

"అబ్బా," అంది తమన్నా.

మూల కూర్చుని చెక్కుతున్న గౌస్ తలెత్తాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి ధనమ్మ, మగ్గం దిగి, రాత్రి పులుసుకని చాటలో బెండకాయలు వేసుకుని కబుర్లకు వచ్చింది. ఈ పిల్ల అబ్బా అన్నప్పుడల్లా తండ్రిని పిలిచిందో, ఉసూరుమందో ధనమ్మకు ఇరవై నాలుగేళ్ళుగా తేలలేదు.

"నాన్ననా, నొప్పా?" అని అడిగింది.

"నొప్పే పిన్నీ. ఈ పెన్ను ఎవరో తనకి తెలీదంటోంది ఈ టాబ్లెట్."

"నిన్నటిదాకా కలిసే తిరిగాయిగా."

తమన్నా పెన్నును చార్జింగులో పెట్టింది. తీసింది. బ్లూటూత్ ఆపింది, వేసింది. టాబ్లెట్‌ను ఆర్పి మళ్ళీ వెలిగించింది. పెన్ గుర్తించబడలేదు.

"మా టీవీకి నెత్తిన ఒకటిస్తే పలుకుద్దే," అంది ధనమ్మ.

"ఇది టీవీ కాదు పిన్నీ."

"నెత్తి ఉందిగా."

గౌస్ చేతిలో ఉలి ఆగిపోయింది. ఆయన పెన్ను వంక చూశాడు. నూనె తొట్టి వంక చూశాడు. మళ్ళీ పెన్ను వంక చూశాడు. గుండె జారి లుంగీ మడతలో పడినట్టయింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"చాయ్ తాగుతావా?" అన్న మాట వచ్చింది.

ధనమ్మ చాట కింద పెట్టేసింది. "అన్నయ్య అడక్కుండా మాట్లాడాడేమిటే? మళ్ళీ బుడమేరు పొంగుద్దా ఏంటి?"

గౌస్ కూర్చున్నాడు. చెక్కాల్సిన చిలక ముక్కును రెండుసార్లు చెక్కాడు.

తమన్నా ఫోను చేస్తే మూడింటికి బందరు నుంచి బండి మీద కళ్యాణ్ వచ్చాడు. బస్టాండు దగ్గర సెల్లుల షాపు అతనిది. రోగిని చూసే డాక్టరులా వస్తాడు, డాక్టరులాగే ముందు పెదవి విరుస్తాడు. అతనికీ చాయ్ పెడతానని తమన్నా వంటింట్లోకి వెళ్ళింది. కళ్యాణ్ పెన్నును ఊపాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, మూత తిప్పాడు. తరవాత గౌస్ వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీ వేలు ఒకసారి దీని మీద పెట్టండి. తెర బావుందో లేదో చూద్దాం."

గౌస్ పెట్టాడు. ఉలి రాపిడికి కాయలు కాసి గవ్వలా గట్టిపడ్డ వేలది. రేషన్ మిషనే దాన్ని ఏనాడూ వేలిగా ఒప్పుకోలేదు. టాబ్లెట్ కూడా ఒప్పుకోలేదు.

"చూశారా," అన్నాడు కళ్యాణ్, దొంగ దొరికినట్టు. "పెన్నునీ పట్టుకోదు, వేలినీ పట్టుకోదు. జబ్బు పెన్నుది కాదండీ, తెరది."

"నా వేలు పట్టుకుంటోందిగా," అని తమన్నా వంటింట్లోంచి అరిచింది.

"ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకోదు. అదే ఆ జబ్బు లక్షణం. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది."

ఆ మాట వంటింటి దాకా చేరలేదు, అక్కడ చాయ్ పొంగుతోంది. కళ్యాణ్ వేళ్ళు అప్పుడే తెర మీద పరిగెడుతున్నాయి.

"మొత్తం అంటే?" అంది ధనమ్మ.

"ఇందులో ఉన్న బొమ్మలూ గిమ్మలూ అన్నీ. మళ్ళీ వేసుకుంటారు, ఏముంది."

తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. కళ్యాణ్ వేలు వాటి మీదికి దిగుతోంది. గౌస్ మూడో తరగతి దాటలేదు గాని ఎరుపు అంటే ఏమిటో తెలుసు. ఒక్క అంగలో వచ్చి కళ్యాణ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. నూనె."

"ఏ నూనె?"

"వేరుశెనగ."

కళ్యాణ్ ధనమ్మ వంక చూశాడు. ధనమ్మ చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ తమన్నా వంక చూసింది.

"రాత్రి తొట్టిలో వేశాను," అన్నాడు గౌస్ నేల చూస్తూ. "అచ్చులతో పాటు."

"ఎందుకబ్బా?"

"గరగరలాడుతోందన్నావుగా."

కళ్యాణ్ పెన్ను మొనను గోటితో పట్టి లాగాడు. అది ఊడి వచ్చింది, దాని వెనక మూడు చుక్కలు టపటపా నేల మీద పడ్డాయి.

"ఆవాలుంటే ఇవ్వండమ్మా," అన్నాడు కళ్యాణ్, "పోపు పెట్టేద్దాం."

"పెన్నుకు తలంటు పోశావా అన్నయ్యా," అంది ధనమ్మ. "మరి కుంకుడురసం ఎవరు పొయ్యాలి?"

ముందు నవ్వింది తమన్నాయే. గ్లాసులు కింద పెట్టి, గోడకు చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ధనమ్మకు పొలమారింది. గౌస్ కూడా నవ్వాడు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో కళ్యాణ్ వినడం అదే మొదలు. తలుపు మడత బందు కిర్రుమన్నట్టు ఉంటుంది.

నవ్వు తగ్గేసరికి మూడున్నర. పెన్నును స్పిరిట్‌తో కడిగి ఎండలో పెట్టినా రెండ్రోజుల దాకా మాట వినదని కళ్యాణ్ తేల్చాడు. తమన్నా వేలితో గీసి చూసింది. వేలి కింద గీత కనబడక తీగ వెళ్ళి చిలక పొట్టలో దిగింది. నవ్విన ముఖం వాడిపోయింది.

"ఎక్కడే ఆ తీగ? ఇదేనా?" అని ధనమ్మ ముందుకు వంగి చేతిలో ఉన్నదానితో చూపించింది. లేతదో కాదో చూడ్డానికి అప్పుడే చివర తుంచిన బెండకాయ అది. దాని తడి కొన అద్దానికి తగిలింది. తెర లోపల సన్నగా, ఆకుపచ్చగా ఒక గీత పడింది.

"నేనేం చెయ్యలేదమ్మా," అని ధనమ్మ బెండకాయ వదిలేసింది.

తమన్నా దాన్ని తీసుకుని పట్టుకుంది. గీసింది. తిరిగిన చోటల్లా గీత తిరిగింది.

"తడి ఉంటే చాలండీ, వేలే అనుకుంటుంది," అన్నాడు కళ్యాణ్, ఇదంతా తనకు ముందే తెలిసినట్టు.

ఆ తరవాత ఆ ఇంట్లో నడిచింది ఒక కార్ఖానా. పది ఆకులు గీసేసరికి బెండకాయ కొన ఆరిపోయేది. గౌస్ ఇంకోటి తుంచి అందించేవాడు. జిగురు మరకలను కళ్యాణ్ కళ్ళజోళ్ళ గుడ్డతో తుడిచేవాడు. ధనమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని, తన పులుసు తరిగిపోతుంటే చూస్తూ అజమాయిషీ చేసేది.

"ఆ ముదురుది ఇవ్వకన్నయ్యా, ఆకులు కూడా ముదిరిపోతాయ్."

"పిన్నీ, నన్ను నవ్వించకు. చెయ్యి వణుకుతోంది."

"వణకనీవే. తీగన్నాక గాలికి ఊగదా?"

మధ్యలో గౌస్ ఒక్కసారి వేలు చూపించి, "అక్కడ తొడిమ లావు చెయ్యి. అచ్చు చెక్కితే విరుగుద్ది," అన్నాడు. తమన్నా లావు చేసింది. పద్నాలుగో బెండకాయతో తీగ చివరి మూల తిరిగి మొదటి ఆకును కలుసుకుంది. అయిదుకు పది నిమిషాలుండగా డిజైన్ హైదరాబాదు వెళ్ళింది.

అయిదుం పావుకు ఫోను మోగింది. తమన్నా అందరికీ వినిపించేట్టు పెట్టింది.

"చూశానమ్మా," అన్నారు ప్రసన్నలక్ష్మి గారు. "చిలకలు సరే, ఆ తీగ ప్రాణంతో ఉంది. దుప్పట్లు మీకే. ఇంతకీ ఆ గీత దేంతో గీశారు? మా వాళ్ళకు చెబుతాను."

తమన్నా ధనమ్మ వంక చూడకుండా గోడ వంక చూసింది.

"లేడీస్ ఫింగర్ అండీ."

"అంటే, అంత తీగా మీ వేలితోనే గీశారా? ఎంత ఓపికమ్మా మీకు."

ధనమ్మ ఖాళీ చాటను ముఖానికి అడ్డం పెట్టుకుంది. కళ్యాణ్ వీధిలోకి పరిగెత్తాడు. ఆ రాత్రి ధనమ్మ ఇంట్లో చింతపండు చారే.

మర్నాడు తెల్లారుతూనే గౌస్ మార్కెట్టుకు వెళ్ళాడు. బెండకాయల గుట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కోటీ చివర తుంచి, కొన వంక పరీక్షగా చూసి, కొన్ని ఇటు, కొన్ని అటు వేశాడు.

"ఏం తాతా, కొంటావా, అన్నీ తుంచి పోతావా?" అని కసిరింది అమ్మే ఆవిడ. "కూరకేగా?"

గౌస్ ఏరినవి తక్కెడలో వేశాడు. కిలో తూయించుకున్నాడు. ఇంటికి వచ్చి, పక్కింటి గుమ్మం ముందు సంచి పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి, ధనమ్మ వచ్చి ఏదో ఒకటి అనేలోపల గబగబా నడిచి వెళ్ళిపోయాడు.