ఒక్కసారి హోటలు

బందరు కాలువ గట్టు మీద మరియదాసు పెట్టిన భోజన హోటలుకు బోర్డు మీద 'సముద్ర తార' అని చక్కటి పేరే ఉండేది. కానీ బెజవాడలో ఆ పేరు పలికినవాడు లేడు. అందరూ దాన్ని 'ఒక్కసారి హోటలు' అనేవారు. ఎందుకంటే అక్కడ ఏదైనా ఒక్కసారే అడిగేవారు. "ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా?" అని మరియదాసు అడగడం, తినేవాడు అలవాటు కొద్దీ "అబ్బే, చాలండీ" అనడం, మరియదాసు గరిటె పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోవడం! తినేవాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ వద్దన్నది వేయించుకోవడానికే కదా మహానుభావా! మన కృష్ణా జిల్లాలో మొదటి వద్దు మర్యాదకు, రెండో వద్దు మొహమాటానికి. మూడోసారి, విస్తరికి అడ్డం పెట్టిన చేతివేళ్ళ సందుల్లోంచి వేస్తేగాని వడ్డించినట్టు కాదు. ఈ సంగతి పామర్రులో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?

చెప్పాల్సే వచ్చింది మరి. మరియదాసు మీసాలు సరిగా రాకముందే బొంబాయి పోయి ఓడలో భోజనాలు వడ్డించే స్టూవర్డుగా చేరాడు. సగం జీవితం రేవుల్లో గడిపి, ఈమధ్యే తిరిగొచ్చి హోటలు పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

అది డెబ్బై అయిదో సంవత్సరం. రోములో పవిత్ర వత్సరమని బెజవాడ గుడి కింది విచారణలో కొంతమంది భక్తులు యాత్రకు పేరిచ్చారు. వాళ్ళలో ఒక్కరు కూడా మద్రాసు దాటి ఎరగరు. అందుకని ఫాదర్ గారు మరియదాసును పిలిపించి, "నువ్వు దేశాలన్నీ తిరిగావుగా, అక్కడ ఎక్కడ తినాలో, ఎలా తినాలో వీళ్ళకి కాస్త చెప్పు" అన్నారు. ఒక ఆదివారం పూజ అయ్యాక యాత్రికులందరూ బెంచీల మీద కూర్చున్నారు. అందరికంటే వెనక బెంచీలో ముఖం ముడుచుకుని కూర్చున్నది అమలమ్మ.

అమలమ్మ ఆసుపత్రిలో పెద్ద నర్సు. కొత్త డాక్టర్లు కూడా ఆమె ఎదురైతే చొక్కా సర్దుకునేవారు. అంత మనిషికి మరియదాసు పేరు వింటే చాలు, ఒళ్ళు మండేది. మండదూ మరి?

చాలా ఏళ్ళ కిందట ఆమె అక్క తెరేసమ్మ పెళ్ళి ఉయ్యూరులో జరిగినప్పుడు మరియదాసు ఓడ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. పెళ్ళికొడుకు తరఫువాడు. విందులో కోడికూర బకెట్టు పట్టుకుని వరసలో వడ్డిస్తూ వచ్చాడు. అమలమ్మకు కోడికూరంటే ప్రాణం. "వెయ్యమంటారా?" అన్నాడు. ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ" అంది. అతను బకెట్టు తీసుకుని ముందుకు వెళ్ళిపోయాడు. ఎంత వింత మనిషి అనుకుంది. ఆ సాయంత్రం గుడి గేటు దగ్గర అదే మనిషి, అంతే నెమ్మదిగా, "అమలమ్మ గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అని అడిగాడు.

చక్కటి మనిషి. రెండు రోజులుగా ఆమె కళ్ళు అతని వెంటే తిరుగుతున్నాయి. కానీ ఆడపిల్ల అడగ్గానే సరేనంటుందా? తల వంచుకుని "అబ్బే, వద్దండీ" అంది. ఇక బతిమాలతాడనుకుంది, అక్కతో కబురు పెడతాడనుకుంది, రేపు పొద్దున మళ్ళీ వస్తాడనుకుంది. పొద్దున్నే అతను బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆటపట్టించి పోయాడని అమలమ్మ తీర్మానించుకుంది. ఆ తర్వాత అన్నయ్య తెచ్చిన సంబంధాలన్నిటినీ వద్దంది. అవి నిజం వద్దులు. అయినా ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్క సంబంధాన్నీ మళ్ళీ మళ్ళీ తెచ్చి, "మొదట అలాగే అంటారులే" అని ప్రాణం తీశారు. చివరికి వాళ్ళే అలిసిపోయి వదిలేశారు.

అదండీ వెనక బెంచీ కథ. ముందు మరియదాసు చెప్పుకుపోతున్నాడు.

"పినాంగు రేవులో దిగితే, గోడ పక్కన సాయిబుగారు కావిడి దింపుకుని కూర్చునుంటాడండీ. అన్నం మీద నాలుగు రకాల పులుసులు కలిపి పోస్తాడు. ఏది ఏ పులుసో మనకి తెలీదు. తిన్నాక తెలుసుకోవాలనీ అనిపించదు. ఫ్రాన్సు దేశంలో మార్సే అని రేవుంది, అక్కడ చేపల పులుసు పెడతారు. అందులో చింతపండు మాటే లేదు. అయినా బయట చలిగాలి కొడతంటే, లోపల ఆ వేడి పులుసు ఉంటదీ... అబ్బ! నేపిల్స్‌లో అయితే పొయ్యిలోంచి తీసిన రొట్టె, పైన టమాటా గుజ్జు. అంచులు మాడి ఉంటాయండీ. ఆ మాడిందే రుచి."

వింటున్నవాళ్ళు గుటకలు మింగారు. కంకిపాడు నుంచి వచ్చిన ముసలి శౌరయ్య ఉండబట్టలేక, "ఇయ్యన్నీ మన దారిలో వత్తయ్యా బాబూ?" అన్నాడు.

"రావు బాబాయ్. కానీ రోములో ఒకటుంది. రైలు స్టేషను వెనక సందులో ఆకుపచ్చ తలుపు. బోర్డు ఉండదు. లూచియమ్మ అని ఒకావిడ వండి తనే వడ్డిస్తది. నా పేరు చెప్పండి. ఒక్కటే జాగ్రత్త. ఆ దేశాల్లో ఎవరూ రెండోసారి అడగరు. కావాలంటే వెంటనే 'సీ' అనండి. సీ అంటే అవును. మొహమాటపడ్డారో, పస్తే!"

అందరూ నవ్వారు. అమలమ్మ నవ్వలేదు. వెనక నుంచి కరుగ్గా, "ఒకసారి వద్దంటే ఇంక జన్మలో అడగరా ఏంటండీ?" అంది.

మరియదాసు ఆమె వైపు చూడలేదు. చేతిలో రుమాలు మడుస్తూ, "అడగరండీ. వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే, ఆ మనిషి మాట అబద్ధమన్నట్టే గదండీ" అన్నాడు.

ఎంత పొగరు అనుకుంటూ ఆమె ఇంటికొచ్చింది. ఆ మాటలో ఉన్నది పొగరు కాదని తెలుసుకోవడానికి అంత పెద్ద నర్సమ్మ విమానమెక్కి సముద్రాలు దాటాల్సి వచ్చింది.

రోములో బస చేసిన చోట చప్పిడి కూరలు తిని తిని యాత్రికులందరి నాలుకలూ మొద్దుబారాయి. ఆ ఏడు మాత్రమే తెరిచే పవిత్ర ద్వారం దాటి ప్రార్థనలు చేసుకున్న మర్నాడు శౌరయ్య మొరాయించాడు. "నన్ను ఆ ఆకుపచ్చ తలుపు కాడికి తీసుకెళ్తారా, లేదంటే ఇక్కడే పడి సావమంటారా?" అన్నాడు. వెతుక్కుంటూ వెళ్ళారు. సందు ఉంది, తలుపు ఉంది, లోపల అయిదారు బల్లలు, తెల్ల ఆప్రాను కట్టుకున్న లావుపాటి ముసలమ్మ. 'మరియదాసు' అనగానే ఆవిడ సిలువ వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, "మారియా! దాసో!" అని అరిచి అందరినీ కూర్చోబెట్టింది.

వెల్లుల్లి వాసన వచ్చింది. అమలమ్మకు అక్కడే సగం ప్రాణం లేచొచ్చింది. బంగాళాదుంప పిండితో చేసిన చిన్న చిన్న ఉండలు, పైన ఎర్రటి టమాటా గుజ్జు, పొగలు కక్కుతూ ముందుకొచ్చాయి. నోట్లో వేసుకుంటే ఉండ దానంతటదే కరిగిపోయింది. పుల్లపుల్లగా ఉన్న గుజ్జును వేలితో నాకాలనిపించింది. ఇల్లు వదిలాక కడుపుకు తిన్నది అదే. తింటూ తింటూ, ఇతను ఇదే బల్ల దగ్గర కూర్చుని తిన్నాడా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

లూచియమ్మ పెద్ద గిన్నె పట్టుకుని వచ్చి, గరిటె చూపించి ఏదో అడిగింది. పళ్ళెం ఖాళీగా ఉంది. ఆకలి ఇంకా ఉంది. అయినా అమలమ్మ చెయ్యి తనంతట తానే లేచి పళ్ళేనికి అడ్డం వెళ్ళింది. "నో, నో, చాలమ్మా" అంది.

లూచియమ్మ ఎంతో మర్యాదగా తల ఊపింది. గిన్నె తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"సీ, సీ, సీ!" అని శౌరయ్య పళ్ళెం ముందుకు తోశాడు. నోటి నిండా పెట్టుకుని, "చెప్పాడు గదమ్మా మరియదాసు! వీళ్ళు మన మాట నమ్మేత్తారంట!" అన్నాడు.

అమలమ్మ చెయ్యి పళ్ళెం మీదే ఉండిపోయింది. వెళ్ళిపోతున్న గిన్నె వంక చూస్తుంటే ఉయ్యూరు విందులో ముందుకు వెళ్ళిపోయిన బకెట్టు కనిపించింది. ఆ వెంటనే గుడి గేటు కనిపించింది. అతను ఆటపట్టించలేదు. వద్దంటే వద్దనుకున్నాడు. అన్నయ్య నమ్మలేదు, అక్క నమ్మలేదు, చుట్టాలెవరూ నమ్మలేదు. తన నోటి మాటను మాటగా తీసుకున్నవాడు ఈ భూమ్మీద ఆ ఒక్కడే. ఆ ఒక్కడికే తను అబద్ధం చెప్పింది!

హోటలు నిండా జనం ఉండగా పెద్ద నర్సు అమలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. లూచియమ్మ కంగారుపడి పరుగెత్తుకొచ్చింది, కూర కారమైందనుకుందో ఏమో, నీళ్ళిచ్చింది, ఆప్రాను అంచుతో కళ్ళు తుడిచింది. మళ్ళీ గిన్నె తెచ్చి పక్కనే నిలబడింది. అమలమ్మ ముక్కు ఎగబీల్చి, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచింది.

"సీ" అంది.

బెజవాడ తిరిగొచ్చిన మూడో రోజున ఆమె నేత చీర కట్టుకుని మధ్యాహ్నం బందరు కాలువ గట్టుకు వెళ్ళింది. ఆ రోజుల్లో ఆడమనిషి ఒక్కతే భోజన హోటలు మెట్లెక్కడం అంటే మాటలా! లోపల తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. పనివాడు హడావుడిగా కర్టెను కట్టిన ఫ్యామిలీ గది చూపించాడు. "ఏం, ఇక్కడ కూర్చుంటే అన్నం అరగదా?" అని ఆమె హాలు మధ్య బల్ల దగ్గరే కూర్చుంది. మరియదాసు మళ్ళీ అడగడు. అడగడం అతని పద్ధతే కాదు. తను నోరు విప్పకపోతే ఈ బతుక్కి ఇంతే. విప్పాక అతనే వద్దంటే? అతని వద్దు నిజం వద్దే అవుతుంది.

మరియదాసే వచ్చి వడ్డించాడు. గోంగూర పప్పు వేస్తూ, "లూచియమ్మ బాగుందాండీ?" అన్నాడు.

"బాగుంది. మీ పేరు చెబితే సిలువ వేసుకుంది."

అతను నవ్వాడు. ఆమె తినడం అయ్యేదాకా దూరంగా నిలబడి, పప్పు గిన్నెతో మళ్ళీ వచ్చాడు. "ఇంకొంచెం వెయ్యమంటారా?"

"వెయ్యండి."

గరిటె గాల్లో ఆగింది. ఆ హోటలు పెట్టాక మొదటిసారికే వెయ్యమన్నవాళ్ళు లేరు మరి. తేరుకుని వేశాడు. వెళ్ళబోయాడు.

"ఆగండి. ఉయ్యూరులో గేటు దగ్గర నన్నో మాట అడిగారు."

అతని ముఖం ఎర్రబడింది. "మీరు వద్దన్నారు గదండీ" అన్నాడు, చాలా మెల్లగా.

"వద్దన్నాను. నా నోరు అంది. ఆడపిల్ల అలాగే అనాలని నేర్పారు, అలాగే అన్నాను. మీరు మళ్ళీ అడుగుతారని పొద్దున్న బస్సు వెళ్ళిపోయేదాకా గుమ్మంలోనే కూర్చున్నానండీ. మీరేమో..." ఆమె తలెత్తి అతని కళ్ళల్లోకి చూసింది. "మీరు నన్ను నమ్మారు. తప్పు మీది కాదు. ఇంకొక్కసారి అడగండి. ఈసారి నిజమే చెబుతాను."

మరియదాసు గిన్నె బల్ల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకుని, "అమలమ్మ గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు.

చూడండి పాపం, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నూరిపోసిన అలవాటు! 'అబ్బే' అనే మాట పరుగెత్తుకుంటూ నాలుక చివరికి వచ్చేసింది. ఆమె పెదాలు బిగపట్టి దాన్ని అన్నం ముద్దలా మింగేసింది.

"చేసుకుంటాను" అంది.

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పామర్రు మనిషి ఇన్నాళ్ళకు బయటికొచ్చినట్టున్నాడు, నమ్మలేక, "నిజంగా చేసుకుంటారాండీ?" అని మళ్ళీ అడిగాడు.

"చేసుకుంటాను."

మూల బల్ల దగ్గర ఎవరో "ఇక్కడ చారు!" అని కేకేశారు. మరియదాసు ఉలిక్కిపడి గిన్నె అందుకోబోయాడు. అమలమ్మ ఎంగిలి చెయ్యి పక్కకు పట్టి, ఎడమ చేత్తో అతని తువ్వాలు కొస పట్టుకుంది.

"ఆయన్ని ఉండమనండి. మీరు ఇంకోసారి అడగండి" అంది.

అడిగాడు.